మట్టి పలకల గుమాస్తాలు

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు కబురు పంపినప్పుడు మొదట జంకాను. నేను చరిత్ర అధ్యాపకుణ్ణి కాను. ముప్ఫయ్యారేళ్ళు ఫైళ్ళు కట్టి, నోట్లు పెట్టి, ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్లు రాసి 2007లో పదవీ విరమణ చేసిన గుమాస్తాను. కాకతీయుల గురించి, నిజాంల గురించి నాకంటే తెలిసినవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. అందుకని విరమణ తరువాత నేను ఇష్టంగా చదువుకున్న ఒక సంగతి రాస్తున్నాను. అది బాబిలోను ముచ్చట. మాచారెడ్డివాడికి బాబిలోనుతో పనేమిటని నవ్వుకోకండి. ఆ దేశపు భాష, ఆచారాలు, దేవుళ్ళు ఇవాళ లోకానికి తెలిశాయంటే అది రాజుల వల్ల కాదు, గుమాస్తాల వల్ల. వాళ్ళు మన వృత్తివాళ్ళు. ఆ లెక్కన మనకు పెద్దలు.

మట్టే కాగితం

బాబిలోను ఇప్పటి ఇరాకులో ఉంది. బాగ్దాదుకు దక్షిణాన దాదాపు 85 కిలోమీటర్ల దూరంలో, యూఫ్రటీసు నది ఒడ్డున దాని శిథిలాలున్నాయి. 2019లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఆ నగరం రెండుసార్లు బాగా వెలిగింది. మొదటిసారి క్రీ.పూ. 18వ శతాబ్దంలో హమ్మురాబి రాజు కాలంలో. రెండోసారి క్రీ.పూ. 605 నుంచి 562 వరకు ఏలిన నెబుకద్నెజరు కాలంలో. క్రీ.పూ. 539లో పారశీక చక్రవర్తి సైరసు దానిని జయించాడు.

ఆ నేలలో రాయి లేదు, మంచి కలప లేదు. ఉన్నదల్లా నదులు తెచ్చిన ఒండ్రు మట్టి, గట్ల మీద పెరిగే రెల్లు. ఆ మట్టితోనే ఇళ్ళు, గుళ్ళు కట్టుకున్నారు. ఆ మట్టినే కాగితం చేసుకున్నారు. సబ్బు బిళ్ళంత ముద్ద తీసుకుని చదును చేసి, పచ్చిగా ఉండగానే రెల్లు పుల్ల కొనతో నొక్కేవారు. మేకు తల, మేకు తోక లాంటి గుర్తులు పడేవి. అలాంటివి సుమారు 600. ఎండలో ఆరబెడితే దస్తావేజు తయారు.

ఇందులో ఒక సుగుణం ఉంది. మన రికార్డు గదుల సంగతి మీకు తెలియనిది కాదు. చెదలు, ఎలుకలు, కప్పు కారడం, ఆపైన నిప్పు. నిప్పంటుకుంటే మన రికార్డు బూడిద. వాళ్ళ రికార్డుకు నిప్పంటుకుంటే ఇటుకలా కాలి ఇంకా గట్టిపడేది. అందుకే శత్రువులు తగలబెట్టిన భవనాల్లోని పలకలు కూడా బాగా దొరికాయి. ఒక్క బ్రిటిష్ మ్యూజియంలోనే లక్షకు పైగా ఉన్నాయి.

వాటిలో కావ్యాలు, పూజా విధానాలు తక్కువ. ఎక్కువ భాగం మన టేబుళ్ళ మీద ఉండే సరుకే. భూమి కొనుగోలు, అప్పు పత్రం, కూలీల బత్తెం పట్టీ, గొర్రెల లెక్క, గుడి గాదెలోని యవల జమా ఖర్చు. ముఖ్యమైన ఒప్పందం రాసిన పలకకు పైన మరో పొర మట్టి తొడిగి, దాని మీద కూడా అదే సంగతి రాసేవారు. పైరాత మీద ఎవరికైనా అనుమానం వస్తే న్యాయాధికారి ఎదుట పై పొర పగలగొట్టి లోపలి రాతతో పోల్చేవారు. సాక్షులు ముద్రలు దొర్లించేవారు. ముద్ర లేని పేదవాడు తన గోటితో నొక్కేవాడు, లేదా కట్టుకున్న బట్ట అంచును అద్దేవాడు. మన నిశానీ, వేలిముద్రలకు అవి పూర్వరూపాలనిపిస్తుంది.

వాకిలి, పలక, లిపి

వాళ్ళ భాష పేరు అక్కాదు. అది అరబ్బీ, హీబ్రూ భాషల కుటుంబంలోది. అందుకే ఉర్దూ మాటలు చెవినపడిన మనకు అక్కడక్కడ చుట్టరికం తగులుతుంది. అక్కాదులో బాబు అంటే వాకిలి. తమ నగరం పేరుకు దేవుని వాకిలి అని వాళ్ళు అర్థం చెప్పుకునేవారు. అరబ్బీలో కూడా బాబ్ అంటే వాకిలే. 1919లో నిజాం ప్రభువు ఏర్పాటు చేసిన కార్యనిర్వాహక మండలిని బాబ్-ఎ-హుకూమత్ అనేవారని మన తండ్రుల తరానికి బాగా తెలుసు. అక్కాదులో సూర్యుడు షంషు, అరబ్బీలో షంస్. విమానం ఎక్కడానికి మన పిల్లలు వెళ్ళే శంషాబాదు పేరులో ఉన్నది ఆ మాటే.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మరో మాట. బాబిలోను వారికంటే ముందు ఆ దేశంలో సుమేరు భాష ఉండేది. అందులో పలకను దుబ్ అనేవారు. అక్కాదువారు దానిని తుప్పు చేసుకున్నారు. పొరుగున ఉన్న ఏలాము దేశం మీదుగా అది పారశీకులకు చేరి దిపి అయింది. మన దేశపు వాయవ్యాన, ఇప్పటి పాకిస్తానులోని షాబాజ్‌గఢీ శాసనంలో అశోకుడు తన రాతను దిపి అనే చెప్పుకున్నాడు. మిగతాచోట్ల, మన కర్నూలు జిల్లా ఎర్రగుడితో సహా, అదే మాట లిపి. అంటే మనం పలక పట్టిన రోజు నుంచి వాడుతున్న లిపి అనే మాట యూఫ్రటీసు ఒడ్డున మట్టి ముద్ద మీద పుట్టి మన దాకా నడిచి వచ్చిందన్నమాట.

ఆ కుదురు నుంచే పారసీలో దబీర్ వచ్చింది. దబీరు అంటే రాతపనివాడు, గుమాస్తా. హైదరాబాదు దబీర్‌పురా పేరులో ఉన్నది ఆ దబీరే. దివాను మాట కూడా అక్కడిదేనని పారసీ భాషా పండితులు చాలామంది అంటారు. మన ఊళ్ళలో ముసలివారు ప్రభుత్వాన్ని దివాణం అనేవారు కదా. దివాణంలో పని అంటే అసలు అర్థంలో పలకల దగ్గర పని.

కర్ణాటకలోని బ్రహ్మగిరి అశోక శాసనం చివర దానిని రాసిన లిపికరుడి పేరు చపడుడు అని ఉంది. పేరు బ్రాహ్మీలో, తన ఉద్యోగం మాత్రం వాయవ్య దేశపు ఖరోష్ఠీలో రాసుకున్నాడు. చక్రవర్తి ఆజ్ఞ కింద గుమాస్తా సంతకం! అది చదివినప్పుడు ఫైలు మీద నా పొట్టి సంతకం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

సుమేరు భాష మాట్లాడేవాళ్ళు క్రీ.పూ. 1800 నాటికే లేకుండా పోయారు. అయినా పూజల్లో, చదువుల్లో అది ఇంకా 1,800 ఏళ్ళు బతికింది. పిల్లలు దానిని పలకల ఇల్లు అనే బడిలో నేర్చుకునేవారు. ఒక పాత పలకలో ఒక విద్యార్థి గోడు ఉంది. ఆలస్యంగా వచ్చాడని ఒకరు కొట్టారు, మాట్లాడాడని ఒకరు, రాత బాగాలేదని ఇంకొకరు. చివరికి తండ్రి పంతులుగారిని ఇంటికి పిలిచి భోజనం పెట్టి, కొత్త బట్ట కట్టబెట్టి, ఉంగరం తొడిగాడు. అంతే, ఆ పిల్లవాడంత తెలివైనవాడు లేడని పంతులుగారు మెచ్చుకున్నారు. నాలుగువేల ఏళ్ళ నాటి ముచ్చట ఇది. ఏ కాలానికైనా సరిపోతుంది.

మన ఆఫీసుల్లోనూ భాషలు మారాయి. హైదరాబాదు రాజ్యంలో 1880ల దాకా పారసీ, తరువాత ఉర్దూ, ఆ తరువాత ఇంగ్లీషు, తెలుగు. ప్రభువులు మారినా తహసీలు, పహాణీ, జమాబందీ, నకలు అనే మాటలు మాత్రం కుర్చీ దిగలేదు. సుమేరు మాటలు కూడా బాబిలోను దస్తావేజుల్లో అలాగే కూర్చున్నాయి. మాట్లాడే భాష ఒకటి, రాసే భాష ఒకటి కావడం వల్ల రెండుచోట్లా చదువురాని రైతు గుమాస్తా ముఖం చూడవలసి వచ్చింది. ఈ సంగతి మళ్ళీ చెబుతాను.

చెంపదెబ్బ తినే రాజు

ఇక వాళ్ళ దేవుళ్ళు. నగర దేవుడు మర్దుకు, అందరికీ పెద్ద. సూర్యుడు షమషు న్యాయానికి దేవుడు, ఎందుకంటే పైనుంచి అన్నీ చూస్తాడు. చంద్రుడు సీను. ఇష్టారు దేవత ప్రేమకు, యుద్ధానికి కూడా అధిదేవత. ఒక్కొక్క గ్రహాన్ని ఒక్కొక్క దేవుడిగా కొలిచారు. గురుడు మర్దుకు, శుక్రుడు ఇష్టారు. బుధుడు ఎవరనుకున్నారు? నబూ. రాతకు, లెక్కకు, గుమాస్తాలకు దేవుడు. మన జ్యోతిషులు కూడా బుధుడినే విద్యకు, లెక్కలకు కారకుడంటారు. నెబుకద్నెజరు పేరులోని మొదటి ముక్క ఈ నబూయే. అంతటి చక్రవర్తి తన పేరులో గుమాస్తాల దేవుణ్ణి మోశాడు.

వాళ్ళ సంవత్సరాది వసంతంలో, మన ఉగాది రోజుల్లోనే వచ్చేది. పన్నెండు రోజుల పండుగ. నాలుగో రోజు మర్దుకు దేవుడి సృష్టి కథను గుడిలో చదివేవారు. అయిదో రోజు జరిగేది వినండి. రాజు ఒంటరిగా గర్భగుడి ముందుకు రావాలి. పూజారి అతని కిరీటం, దండం తీసి పక్కన పెడతాడు. చెంప మీద కొడతాడు. చెవి పట్టి మోకాళ్ళ మీద కూర్చోబెడతాడు. నేను పాపం చేయలేదు, నా నగరాన్ని నిర్లక్ష్యం చేయలేదు అని రాజు చెప్పుకోవాలి. తరువాత మళ్ళీ కొడతాడు. రాజు కళ్ళలో నీళ్ళు తిరిగితే దేవుడు సంతోషించినట్టు, ఆ ఏడు మంచిది. ఆ పండుగకు పొరుగు ఊరు బోర్సిప్ప నుంచి నబూ పడవ మీద వచ్చేవాడు. దేవుళ్ళు కూర్చుని ఆ ఏటి దేశ భవిష్యత్తు నిర్ణయిస్తే, నబూ దానిని పలక మీద రాసేవాడని నమ్మకం. ఉగాది నాడు గుడి దగ్గర కూర్చుని ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వినే మనకు ఇది వింతగా తోచదు.

గంటకు 60 నిమిషాలు, వృత్తానికి 360 భాగాలు మనకు వాళ్ళ లెక్కల నుంచి వచ్చినవే. మేషం, వృషభం మొదలైన పన్నెండు రాశుల పద్ధతి కూడా బాబిలోనులో ఏర్పడి, గ్రీకుల మీదుగా మన పంచాంగానికి చేరిందని చరిత్రకారులు చెబుతారు. చాంద్రమాసాలను రుతువులతో సరిపెట్టడానికి 19 ఏళ్ళలో 7 అధిక మాసాలు కలిపేవారు. మన అధిక మాసాలు కూడా దాదాపు అదే లెక్కన వస్తాయి.

తడిసిన పలక

హమ్మురాబి చట్టాల పేరు మీరు వినే ఉంటారు. ఏడడుగులకు పైగా ఎత్తున్న నల్లరాతి స్తంభం మీద వాటిని చెక్కించాడు. 1901–02లో ఫ్రెంచివారు ఇరానులోని సూసా దగ్గర తవ్వి తీశారు. ఇప్పుడు పారిసులోని లూవ్రు మ్యూజియంలో ఉంది. కంటికి కన్ను, పంటికి పన్ను అనే మాటతోనే అది లోకానికి తెలుసు. పెద్దవాడికి ఒక శిక్ష, చిన్నవాడికి ఒక శిక్ష, బానిసకు మరొకటి ఉన్న మాట నిజమే. ఆ లోపాన్ని దాచనక్కర లేదు. కాని తీర్పు రాసి ముద్ర వేశాక మార్చిన న్యాయాధికారి ఆ దావా సొమ్ముకు పన్నెండు రెట్లు కట్టి కుర్చీ దిగిపోవాలనే చట్టం కూడా అందులోనే ఉంది.

నన్ను కదిలించింది 48వ చట్టం. ఒక రైతు అప్పు ఉన్నాడు. వరద వచ్చి పొలం మునిగింది, లేదా నీళ్ళు లేక పంట పండలేదు. ఆ ఏడు అతను ధాన్యం కట్టనక్కర లేదు, వడ్డీ కూడా ఇవ్వనక్కర లేదు. తన పలకను తడుపుకోవచ్చు. అంటే అప్పు పత్రం మీది మట్టిని నీళ్ళతో మెత్తబరచి గడువు మార్పించుకోవచ్చు. యవల అప్పు మీద నూటికి 33, వెండి మీద 20 వడ్డీ నడిచిన దేశం అది. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ ఎరిగిన మన పల్లెలకు ఆ బరువెంతో చెప్పనక్కర లేదు.

హమ్మురాబి తరువాత నాలుగో రాజు అమ్మిసదూక ఇంకో అడుగు ముందుకు వేశాడు. యవలు, వెండి వడ్డీకి ఇచ్చిన అప్పులు రద్దు చేస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. బలవంతంగా వసూలు చేసినవాడు తిరిగి ఇచ్చేయాలన్నాడు. అప్పునే అమ్మకంగానో, దాపు సొమ్ముగానో మార్చి రాయించిన వారి సంగతి కూడా ఆ ఆజ్ఞలో ఉంది. అంటే దొంగరాతలు ఆనాడూ ఉన్నాయి, వాటిని రాసిచ్చిన మనలాంటివాడూ ఉన్నాడు.

నా తప్పు

మాచారెడ్డి ప్రాంతం సంగతి మీకు తెలుసు. నిజాంసాగర్ కాలువ మా దాకా రాదు. బావి, చెరువు, ఇప్పుడైతే బోరు, వీటి మీదే బతుకు. వాన పడకపోతే మా దగ్గర తడిసే పలకలు చాలా ఉంటాయి.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల మాట. ఏ ఆఫీసో ఎందుకు గాని, తకావీ అప్పుల రిజిస్టరు నా టేబుల్ మీద ఉండేది. ఒక ముసలామె వచ్చింది. పెనిమిటి బావి తవ్వడానికి తకావీ తీసుకున్నాడు, చివరి కిస్తీ కట్టాక పోయాడు. రసీదు వానకు ఇల్లు కురిసి పాడైపోయింది. రిజిస్టరులో మాత్రం ఆ కిస్తీ బాకీగా ఉంది. వసూలుకు మనిషి వచ్చి ఇంటి ముందు కూర్చున్నాడు. ఆ ఏడు వానలు లేవు.

“సారూ, నా పెనిమిటి కట్టిండు. జర పాత బుక్కులు సూడుండ్రి,” అన్నది.

రసీదు పుస్తకాల మొదళ్ళు వెనక గదిలో మూటలుగా ఉన్నాయి. దుమ్ము, చెద. ఒక పూట కూర్చుంటే దొరికేదే. రేపు రా అవ్వా అన్నాను. మూడుసార్లు అలాగే అన్నాను. నాలుగోసారి ఆమె రాలేదు. ఎడ్ల జత అమ్మి, జరిమానా వడ్డీతో సహా బాకీ మళ్ళీ కట్టేసింది.

రెండేళ్ళ తరువాత రికార్డు వేరే గదికి మారుస్తున్నప్పుడు ఒక మూట విప్పితే ఆ రసీదు మొదలు కనిపించింది. ఆయన పేరు, కిస్తీ మొత్తం, తేదీ, నా ముందు పనిచేసిన గుమాస్తా పొడి అక్షరాలు. అంతా సరిగా ఉంది. రిజిస్టరులోకి ఎక్కించకపోవడం ఒక్కటే తక్కువ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నోటు పెట్టాను, తిప్పి పంపితే మళ్ళీ పెట్టాను. ఏడెనిమిది నెలలకు వాపసు మంజూరైంది. ఆమెను ఆఫీసుకు రప్పించి వేలిముద్ర తీసుకుని డబ్బు చేతిలో పెట్టాను. లెక్క చూసుకుని కొంగున ముడేసుకుంది. నన్ను తిట్టలేదు. 

“పైసలొచ్చినయి కొడుకా, మంచిదే. ఎడ్లయితే రావు గద,” అన్నది.

ఎన్నో ఏళ్ళ తరువాత 48వ చట్టం గురించి చదివినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆమె ముఖమే. రాజు ఎంత మంచి చట్టం చెక్కించినా, పలకను తడిపి దిద్దవలసినవాడు రేపు రమ్మంటే ఆ చట్టం రాతి మీదే ఉంటుంది. అన్యాయం జరిగినవాడు వచ్చి తన స్తంభం ముందు నిలబడి రాత చదివించుకోవాలని, తన మనసు కుదుటపరచుకోవాలని హమ్మురాబి ఆ శాసనం చివర చెప్పుకున్నాడు. చదివించుకోవాలి అన్నాడు, గమనించండి. చదివి పెట్టేవాడు ఒకడు కావాలి. ఆ ఒకడి ఉద్యోగమే మనం చేసింది.

ఒక బత్తెం పట్టీ

మన అందరికీ సంబంధించిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను. నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడించి యూదా రాజు యెహోయాకీనును చెరపట్టి బాబిలోనుకు తెచ్చాడు. అతనికి బాబిలోను రాజు బతికినంత కాలం రోజువారీ బత్తెం ఇచ్చాడని బైబిలు రాజుల రెండవ గ్రంథం చివర ఉందని మన క్రైస్తవ మిత్రులకు తెలుసు. జర్మనీ పండితుడు కోల్డెవే 1899 నుంచి 1917 దాకా బాబిలోనులో తవ్వకాలు జరిపాడు. రాజభవనం కింది గదుల్లో నూనె బత్తెం పట్టీలు దొరికాయి. 1939లో వాటిని చదివి ప్రకటించారు. క్రీ.పూ. 592 నాటి ఒక పలకలో యూదా రాజు యెహోయాకీను పేరు, అతని అయిదుగురు కొడుకుల సంగతి, ఎవరికెంత నూనె అన్నది ఉంది. 

రాజ్యం పోయినవాడు, పరాయి దేశంలో ఉన్నవాడు, అడిగే దిక్కు లేనివాడు. అయినా ఒక గుమాస్తా అతని పేరు తప్పు లేకుండా రాసి, నూనె కొలత వేసి, పట్టీ సరిచూసి పెట్టాడు. ఆ గుమాస్తా పేరు మనకు తెలియదు. అతని పలక మాత్రం రెండున్నర వేల ఏళ్ళ తరువాత ఒక పవిత్ర గ్రంథంలోని మాటకు సాక్ష్యం పలికింది.

బాబిలోను ఒక్కరోజులో పోలేదు. అరమయికు భాష వచ్చి తోలు మీద సిరాతో రాయడం సులువైంది. పాత లిపి గుళ్ళకు, నక్షత్రాల లెక్కలకు పరిమితమైంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో, మన దగ్గర శాతవాహనులు ఏలుతున్న రోజుల్లో, చివరి పలకలు రాశారు. సులువైన తోలు రాతలు దాదాపు అన్నీ మట్టిలో కలిశాయి. మట్టి రాతలు మిగిలాయి.

మన కాలంలోనూ పలకలు మారాయి. 1954–55 ఖాస్రా పహాణీ చేతిరాత నుంచి 2020లో వచ్చిన ధరణి కంప్యూటరు దాకా మన తరం చూసింది. ఏటా బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వడానికి మనం వేలిముద్ర పెడుతున్నాం. వేళ్ళు అరిగి యంత్రం పట్టుకోకపోతే, ఎదుటి కుర్రవాడు రేపు రమ్మంటే, ఆ ముసలామె ఎన్నిసార్లు తిరిగిందో నాకు ఇప్పుడు కాళ్ళతో తెలుస్తోంది.

నోటి మాట నీటి మూట అంటారు. అందుకని మన సభ్యులకు నాదొక విన్నపం. పి.పి.ఓ. నకలు, సర్వీసు పుస్తకం నకలు, భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఈ నెలలోనే ఒకసారి సరిచూసుకోండి. కుటుంబ పెన్షను కోసం ఆమె ఒక్కతే బల్లల చుట్టూ తిరిగే రోజు రాకుండా చూడండి. మీ పిల్లలెవరైనా ఇప్పుడు ఆ బల్ల వెనక కూర్చుని ఉంటే, ఆ ముసలామె సంగతి వాళ్ళకు చెప్పండి. నా పేరు కూడా చెప్పవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

సెలవు.